ముందు చక్రం తనంతట తాను ఆగిన పొద్దు

కొల్లాపూర్ సంస్థానాన్ని ఏలినవారి గురించి రాసినవారున్నారు. వారు కట్టించిన గుళ్లకూ మేడలకూ, వేయించిన తోటలకూ ఎక్కడో ఒకచోట లెక్క ఉంది. అదే ఊళ్లో, రోజూ పొద్దున, ఎవరి ఆజ్ఞా లేకుండా, మేళతాళాలు లేకుండా జరిగే ఒక ప్రదక్షిణం గురించి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆ లోటు పూడ్చవలసిన భారం చివరికి ఈ నాలుగు పేజీల మీద పడింది.

ప్రదక్షిణం చేసేవాడు మల్లన్న. చేయించుకునేది అతని మోటారు సైకిలు.

టీ తాగకముందే పని మొదలయ్యేది. మొదట ముందు టైరును బొటనవేలితో నొక్కేవాడు, మాగిన కాయను నొక్కినట్టు. తర్వాత చైను కింద వేలు పెట్టి పైకి ఎత్తి, ఎంత లేస్తున్నదో చూసేవాడు. పానాతో చక్రం పుల్లలను ఒక్కొక్కటే తట్టి, తల వంచి వినేవాడు. బిగువుగా ఉన్న పుల్ల గణగణమంటుంది, వదులైనది దగ్గినట్టు పలుకుతుంది. వెనక చక్రాన్ని పట్టుకొని పక్కలకు ఊపేవాడు. ఇంజను బోల్టుల మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంచేవాడు, జ్వరం చూసినట్టు. ఇవన్నీ అయ్యాక బండిని డబుల్ స్టాండు మీద నిలబెట్టి, ఇంట్లోకి కేకవేసేవాడు.

"దేవమ్మా, రా."

అతని భార్య దేవమ్మ, పొయ్యి దగ్గరి పని విడిచి వచ్చి, వెనక క్యారియరు మీద కూర్చునేది. ఆమె బరువుకు బండి వెనక్కి ఒరిగి, ముందు చక్రం నేల విడిచి లేచేది. మల్లన్న దాన్ని గిర్రున తిప్పి, రిమ్ము పక్కన ఒక వేప పుల్ల ఆనించి, వంకర ఉందా లేదా అని చూసి, అరచేత్తో చక్రాన్ని టక్కున ఆపి, "ఇగ పో" అనేవాడు. ఆమె దిగి వెళ్లిపోయేది. పెళ్లయిన కొత్తలో తన భర్త తనను రోజూ ఒక పీఠం మీద కూర్చోబెడతాడని ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే సంతోషించేదేమో.

ఈ ఆచారానికి మూలం పానగల్ దారిలో ఉంది. ఒకనాడు, పెళ్లికి వెళ్తుండగా, చైను తెగి బండి వెళ్లి గొర్రెల మందలో దూరింది. దేవమ్మ పట్టుచీరతో ఒక పొట్టేలు మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని ఆ పొట్టేలు చూసిన చూపు మల్లన్న మరిచిపోలేదు. ఆ మర్నాటి నుంచి ప్రదక్షిణం మొదలైంది.

బండి మీద అంత శ్రద్ధ ఎందుకంటే, మల్లన్న బతుకంతా దాని మీదే తిరుగుతుంది. అతను మామిడి అంట్లు కడతాడు. నాగర్‌కర్నూల్ దాకా, వనపర్తి దాకా, ఏ తోటవాళ్లు పిలిస్తే ఆ తోటకు, జేబులో ఒక చిన్న కత్తి పెట్టుకొని పోతాడు. టెంక మొక్క తల కోసి, నడుమ చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొదలును రెండువైపులా ఏటవాలుగా చెక్కి, ఆ చీలికలో దించి, పట్టీ చుడతాడు. చెప్పడానికి ఇంతే. చెక్కిన కోత తమలపాకు అంచులా పలచబడుతూ పోయి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగాలి. కొంచెం ఎగుడుదిగుడైతే మధ్యలో గాలి నిలుస్తుంది, పుల్ల ఎండిపోతుంది. మల్లన్న కత్తి ఒక్కసారే జారేది. రెండోసారి దిద్దడం అతని వంశంలో లేదు. అతను కట్టిన అంటుకు అతుకు ఎక్కడుందో ఏడాది గడిచాక ఆ చెట్టుకే తెలియదని తోటవాళ్లు చెప్పుకునేవారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు కలుపు ఆపి మరీ ఆ చేతులను చూసేవారు.

ఆ చేతులకే ఈ ఎండాకాలంలో ఏదో అయింది.

ఊరు దాటి, టాప్ గేరు పడి, బండి కొంచెం ఊపందుకునేసరికి హ్యాండిలు వణకడం మొదలుపెట్టేది. బండిలో స్పీడు చూపే ముల్లు ఎప్పుడో నిద్రపోయింది కాబట్టి, మల్లన్న వేగాన్ని తన తలకు చుట్టిన తువాలతో కొలుస్తాడు. తువాల కొస గాలికి లేచే వేగం దగ్గర వణుకు వచ్చేది. కొస వాలితే వణుకు పోయేది. తోట చేరేసరికి చేతులు తిమ్మిరెక్కి, వేళ్లలో చీమలు పాకుతున్నట్టుండేది. ఒక తోటలో కత్తి జారవలసిన చోట ఆగింది. ఇంకో తోటలో ఆగవలసిన చోట జారింది. కట్టిన అంట్లలో సగం నల్లబడ్డాయి. తోటవాళ్లు ఏమీ అనలేదు. మల్లన్నకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

అతనికి తన తండ్రి గుర్తొచ్చాడు. తండ్రి కూడా అంట్లు కట్టేవాడే. చివరి ఏళ్లలో ఆయన చేతులు వణికేవి. అన్నం ముద్ద నోటిదాకా చేరకముందే సగం రాలేది. తోటల నుంచి పిలుపులు ఆగిపోయాక ఆయన అరుగు మీద కూర్చొని, ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకొని, దారిలో పోయేవాళ్లతో వానల గురించి మాట్లాడేవాడు.

అందువల్ల మల్లన్న ముందు ఒకే ప్రశ్న నిలిచింది. వణుకుతున్నది బండా, తానా?

పొద్దున లేచి రెండు చేతులూ ముందుకు చాచి చూసుకునేవాడు. అవి వణికేవి. ఎవరి చేతినైనా అంతసేపు అనుమానంగా చూస్తే అది వణుకుతుందనే సంగతి అతనికి చెప్పినవారు లేరు. ఒకసారి బండి విడిచి బస్సులో వనపర్తి పోయి చూశాడు. ఆ బస్సులో కిటికీలు, సీట్లు, కండక్టరు కూడా వణకడం వల్ల ఏమీ తేలలేదు.

ప్రదక్షిణం మరింత భక్తితో సాగింది. టైర్లలో గాలి సరిగ్గా ఉంది. చైను ఎంత లేవాలో అంతే లేచింది. పుల్లలన్నీ గణగణమన్నాయి. ఇంజను బోల్టులు కదల్లేదు. రిమ్ము వేప పుల్లను ఎక్కడా తాకకుండా తిరిగింది. ఒక్కొక్క భాగం నిర్దోషిగా బయటపడుతున్నకొద్దీ మల్లన్న గుండె ఇంకొంచెం కిందికి దిగింది. నిందితుల్లో మిగిలింది తానొక్కడే కనక.

చివరికి బండిని బస్టాండు పక్క మెకానిక్ ఇస్రాయేలు దగ్గరికి తోలాడు. ఇస్రాయేలు చేతికంటే నోరు ముందు పనిచేసే మనిషి.

"ఏందన్నా, నీ బండి నా దుకాణం మెట్టు తొక్కింది. నేను యాదికున్నననుకోలే."

"హ్యాండిల్ వణుకుతుంది, ఇస్రాయేలూ."

"చలి పెడ్తుందేమో, ఒక చద్దరు కప్పకపోయినవా."

అలా అంటూనే ముందు ఫోర్కు కింద పట్టుకొని ముందుకు వెనక్కు గుంజాడు. హ్యాండిలు కింది బేరింగులు వదులైతే అక్కడ టక్కుమని చప్పుడొస్తుంది. రాలేదు. హ్యాండిలును ఇటూ అటూ తిప్పాడు, ఎక్కడా పట్టలేదు. బండెక్కి బజారు చివరిదాకా పోయి వచ్చాడు.

"వెన్నపూస లెక్క పోతుంది. నీ బండికేం రోగం లేదు."

"మరి వణుకు?"

"నాకైతే రాలే. నీకే ఏమన్నయిందేమో, దవాఖానల సూపిచ్చుకో."

ఇస్రాయేలు తమాషాకే అన్నాడు. కొల్లాపూర్ బజారులో ఎడ్లబండ్లు, ఆటోలు, మామిడి పెట్టెల లారీల మధ్య ఏ మానవుడి తువాల కొసా గాలికి లేవదన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరికీ తట్టలేదు. మల్లన్న ముఖం చూసి ఇస్రాయేలు కొంచెం తగ్గాడు.

"అన్నా, ఒక పని చెయ్యి. పానగల్ రోడ్డు మీద బండి ఊపు మీదున్నప్పుడు క్లచ్చి పట్టు. వణుకు ఆగితె ఇంజనుది, ఆగకపోతె చక్రాలది. వదినెను ఎనక కూసోవెట్టుకొని పో. ఎనక చక్రమైతె సీటు చెప్తది, ముందుదైతె చేతులు చెప్తయ్."

మర్నాడు పొద్దున దంపతులిద్దరూ ఆ మహాపరీక్షకు బయల్దేరారు. తువాల కొస లేచింది. హ్యాండిలు వణికింది. మల్లన్న క్లచ్చి పట్టాడు. ఇంజను చప్పుడు తగ్గింది కాని వణుకు తగ్గలేదు. అంటే ఇంజను కూడా నిర్దోషి.

"నీకు తెలుస్తుందా?" అని వెనక్కి అరిచాడు.

"ఏంది?"

"వణుకు."

దేవమ్మ కాసేపు ఆలోచించింది. అబద్ధం చెబితే భర్తకు బాగుంటుందని ఆమెకు తోచింది. ఏ అబద్ధం చెప్పాలో తోచలేదు.

"నాకేం తెల్వలే" అంది.

మల్లన్న బండి మళ్లించాడు. ముందు చక్రమైనా కావచ్చు, కాని ఆ చక్రం ప్రతి పొద్దునా వేప పుల్ల ముందు నిజాయితీ నిరూపించుకున్నదే. ఇక మిగిలినవి దాన్ని పట్టుకున్న చేతులు.

ఈలోపు వనపర్తి అవతలి తోట నుంచి మహిపాల్ ఫోన్లు మొదలయ్యాయి. మహిపాల్ తోటలో అతని తాత నాగప్ప పెట్టిన చెట్టొకటి ఉంది. దాని పండు మరెక్కడా లేదని ఆ వైపు అందరికీ తెలుసు. నాగప్ప మామిడి అనే పేరు తప్ప ఇంకో పేరు దానికి లేదు. ఆ చెట్టు ఎండిపోతున్నది. మొదలు డొల్లయింది. వానలు పడ్డాక ఒకే ఒక కొమ్మ పచ్చగా చిగురించింది. దానికి పనికొచ్చే పుల్లలు రెండు చేతుల వేళ్లకు మించి లేవు. ఆ కొమ్మ కూడా పోతే ఆ పండు లోకంలో లేనట్టే. చెడగొట్టడానికి పుల్లలు లేవు కాబట్టి మహిపాల్ ఇంకెవరినీ పిలవలేదు.

"మామా, టెంక మొక్కలు తయారుగున్నయ్. ఎప్పుడొస్తవ్?"

మల్లన్న మొదటిసారి వాన అన్నాడు. రెండోసారి బండి అన్నాడు. తర్వాత గట్టు అనే ఊళ్లో ఉన్న ఒక దూరపు చుట్టాన్ని ఫోనులోనే చంపాడు. పది రోజులు గడిచాక అదే చుట్టాన్ని మళ్లీ చంపాడు. ఈసారి మహిపాల్ పరామర్శ జోలికి పోకుండా, "మామా, కొమ్మ ఆకు వాడుతుంది" అన్నాడు.

ఆ తర్వాతి ఫోను దేవమ్మ ఎత్తింది. "రేపు పొద్దుగాల వస్తం బిడ్డా. నేను గూడ వస్త" అని పెట్టేసింది.

"ఎవర్నడిగి చెప్పినవ్?" అన్నాడు మల్లన్న.

"ఆ గట్టు మనిషిని ఇంగొకసారి సంపుతె బాగుండదని చెప్పిన."

మర్నాడు పొద్దున ప్రదక్షిణం మామూలుగానే జరిగింది. టైరు, చైను, పుల్లలు, బోల్టులు. దేవమ్మ వచ్చి క్యారియరు మీద కూర్చుంది. ముందు చక్రం లేచింది. మల్లన్న దాన్ని తిప్పాడు, వేప పుల్ల ఆనించాడు, చూశాడు. ఎప్పటిలా అరచెయ్యి చాచబోయి, ఆ చెయ్యి వణకడం దేవమ్మ కంట పడుతుందని భయపడి, రెండు చేతులూ చంకల కింద దాచుకున్నాడు.

చక్రం తిరుగుతూనే ఉంది.

"ఆపుతవా? పొయ్యి మీద పాలున్నయ్."

అతను చేతులు బయటికి తీయలేదు. ఇన్నేళ్లలో ఆ చక్రాన్ని దాని దారిన ఎవరూ వదలలేదు. అది నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా తిరిగి, ఆగబోతున్నట్టు అనిపించి, ఆగకుండా వెనక్కి తిరిగింది. ఉయ్యాలలా ముందుకు ఊగింది, వెనక్కి ఊగింది, మళ్లీ ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం. గాలి కొట్టే వాల్వు సరిగ్గా చక్రం నెత్తిమీదికి వచ్చాక నిలిచింది.

మల్లన్న చంకల నుంచి చేతులు తీసి మళ్లీ తిప్పాడు. వదిలేశాడు. వాల్వు తిరిగి తిరిగి, ఊగి ఊగి, నెత్తిమీదే నిలిచింది. ఈసారి వాల్వును కిందికి పట్టి మెల్లగా విడిచాడు. ఎవరూ తాకని చక్రం దానంతట అది కదిలి, బరువుగా సగం తిరిగి, వాల్వును పైకి తెచ్చుకుంది.

వీధిలో ఎవరో నీళ్ల డ్రమ్ము దొర్లించుకుపోతున్నారు. లోపల పాలు పొంగి పొయ్యిలో పడి వాసన వచ్చింది. దేవమ్మ కదల్లేదు. ఆమె కూడా చక్రాన్నే చూస్తున్నది. మనిషి మాట వినని ఆ ఇనుప చక్రం ఇంకెవరి మాటో వింటున్నట్టుంది. కనబడనిది ఏదో దాన్ని అడుగు నుంచి పట్టి లాగుతున్నది. పాతిక ఎండాకాలాలు తానెక్కి తిరిగిన వస్తువు తనతో ఎన్నడూ మాట్లాడలేదని మల్లన్న అనుకున్నాడు. కాని రోజూ అది నోరు తెరిచేసరికి తానే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అడుగున బరువుంది" అన్నాడు మెల్లగా. గుళ్లో మాట్లాడినట్టు.

"టైరు లోపల ఏముంటది బరువు?" అంది దేవమ్మ.

మల్లన్నకు అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన దాన్ని భార్యతో చెప్పకుండా, బండిని ఇస్రాయేలు దుకాణానికి తోసుకుపోయాడు. దేవమ్మ వెనకే నడిచింది.

ఇస్రాయేలు టైరు విప్పి లోపలికి చెయ్యి పెట్టి, ఒక నల్లటి పొడవాటి పట్టీని బయటికి లాగాడు. పాత ట్యూబును నిలువునా చీరి చేసిన పట్టీ. కాయల కాలంలో తోటల చుట్టూ దొంగలకోసం తుమ్మ కంప వేస్తారు. ఆ ముళ్లు దొంగలకంటే పనివాళ్ల టైర్లలో ఎక్కువ దిగుతాయి. అందుకని ట్యూబుకూ టైరుకూ మధ్య ఇలాంటి పట్టీ వేయడం ఆ మెట్ట పొలాల వైపు అందరూ చేసే పనే. వేసినవాడు రెండు కొసలను ఒకదానిమీద ఒకటి జానెడు మేర ఎక్కించి, చాలనుకున్నాడు. ఆ ఎక్కిన చోట మందం రెట్టింపై, చెప్పు మడమంత ఉంది.

"ఎవడు, అన్నా, గిట్లేసింది? తలకాయున్నోడేనా?"

మల్లన్న దుకాణం పైకప్పు రేకులను శ్రద్ధగా పరిశీలించాడు. దేవమ్మ భర్తను చూసింది, పట్టీని చూసింది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎండకాలంల మా ఇంటి ముంగల ఒకాయన ఏసిండు, తమ్మీ. మంచి పేరున్న మనిషే" అంది.

"ఏం పనిచేస్తడు?"

"అతుకులేస్తడు."

ఇస్రాయేలు అప్పుడర్థం చేసుకొని, ఆ ఏడంతా చెప్పుకోవడానికి సరిపడా నవ్వాడు. నవ్వి, పట్టీ పారేద్దామా అని అడిగాడు.

"ముళ్లున్నయ్ గద" అన్నాడు మల్లన్న. మెట్టు మీద కూర్చొని, జేబులోంచి చిన్న కత్తి తీశాడు. పట్టీ ఒక కొసను మోకాలి మీద పరిచి, ఏటవాలుగా కత్తి పెట్టాడు. కత్తి ఒక్కసారే జారింది. రబ్బరు ఒక మందం నుంచి పలచబడుతూ, ఇంకా పలచబడుతూ పోయి, చివర అవతలి వెలుతురు కనిపించేంత సన్నమై ముగిసింది. రెండో కొసను తిరగేసి అలాగే కోశాడు. ఒకదానిమీద ఒకటి పెట్టి వేలితో ఒత్తాడు.

ఇస్రాయేలు వంగి, ఆ చోట బొటనవేలితో ముందుకూ వెనక్కూ రాశాడు. ఈసారి అతని చెయ్యే నోటికంటే ముందు పనిచేసింది.

"అన్నా, అతుకు యాడుంది?"

మల్లన్న తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. కత్తి ఇంకా అందులోనే ఉంది, దాని మొన ఎటూ కదలడం లేదు. దేవమ్మ కూడా అటే చూస్తూ, కొంగు నోటి మీంచి తీసి, కళ్లకు ఒకసారి అద్దుకొని, "పాలన్నీ పొంగిపోయినయ్" అంది.

పట్టీ లోపల పెట్టి, టైరెక్కించి, గాలి కొట్టాక ఇస్రాయేలు చక్రాన్ని గాలిలో తిప్పి వదిలాడు. అది ఒకచోట ఆగింది. మళ్లీ తిప్పితే ఇంకోచోట ఆగింది. ముగ్గురూ నిలబడి, ఆ చక్రానికి ఇప్పుడు ఎక్కడ ఆగాలనే పట్టింపు లేకపోవడాన్ని ఆశ్చర్యంగా చూశారు.

పానగల్ రోడ్డు మీద తువాల కొస లేచింది. లేచి, పూర్తిగా విప్పుకొని, వెనక కూర్చున్న దేవమ్మ ముఖానికి కొట్టుకుంది. హ్యాండిలు నిద్రపోతున్న బిడ్డలా ఊరుకుంది. మల్లన్న ఒక చోట, అవసరం లేకపోయినా, క్లచ్చి పట్టి చూశాడు. గాలి చప్పుడు, చైను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మహిపాల్ తోట ముందరే నిలబడి ఉన్నాడు.

"గట్టుల కార్యమయిందా, మామా?"

"రెండూ అయినయ్" అంది దేవమ్మ.

ఎండిన చెట్టు మీద ఆ ఒక్క కొమ్మ ఇంకా పచ్చగా ఉంది. మల్లన్న పుల్లలు కోసుకొచ్చి, తడి గోనె మీద పరిచి, మొక్కల సంచుల ముందు గొంతుక్కూర్చున్నాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్లు పని ఆపి లేచి వచ్చారు. కత్తి ఒక్కొక్క పుల్లకు ఒక్కసారే జారింది. ఒక మనిషి పెట్టిన చెట్టు, అతను పోయిన ఇన్నేళ్లకు, ఇంకో మనిషి వేళ్ల మధ్య నుంచి ఒక సంచిలో మొలిచిన టెంక మొక్కలోకి దిగుతుంటే ఆడవాళ్లు ఇంకొంచెం ముందుకు వంగి చూశారు. చివరి పట్టీ చుట్టాక మల్లన్న చేతులు రెండూ ముందుకు చాచి, అందరి ఎదుటే, కావలసినంతసేపు చూసుకున్నాడు.

ఆ అంట్లలో ఒక్కటి కూడా ఎండలేదు. కొత్త ఆకులు రాగి రంగులో వచ్చినప్పుడు మహిపాల్ ఫోటో తీసి పంపాడు. మల్లన్న దాన్ని ఇస్రాయేలుకు చూపించాడు, ఇస్రాయేలు బస్టాండంతటికీ చూపించాడు. పొద్దుటి ప్రదక్షిణంలో ఒక కొత్త అంకం చేరింది. చక్రాన్ని తిప్పి, చేతులు కట్టుకొని, అది ఆగేదాకా నిలబడటం. దేవమ్మ కూర్చునే సేపు పెరిగింది కాబట్టి ఆమె చిక్కుడుకాయలు వెంట తెచ్చుకుంటున్నది.

ముందు టైరులో ఆ పట్టీ ఇంకా ఉంది. వెనక టైరుకు పాత ట్యూబు చాలక అప్పట్లో ఏమీ వేయలేదు. ఆ వానకాలంలో దిగిన ముళ్లన్నీ వెనక టైరులోనే దిగాయి.